పూజకు ఆపిన రిలే

అల్మారా మీది చిన్న కంప్యూటర్ ఫ్యాను సన్నగా ఈల వేసిందంటే దుమ్ము పట్టిందని అర్థం. టీ కప్పు పక్కన పెట్టి, మెత్తటి గుడ్డతో తుడుస్తాను. తుడిచినప్పుడల్లా రాజమణి మేడం గొంతు వినిపిస్తుంది: "తుడువు తమ్మీ, గని ఆపకు." ఇంత చిన్న సంగతి ఒకరు చెప్పాల్సి వచ్చిందంటే నా తెలివి ఏపాటిదో మీరే ఊహించుకోండి. నేను చేరింది అజ్ఞాత సేవలో. నా అజ్ఞానం మాత్రం ఎంతోకాలం అజ్ఞాతంగా ఉండలేదు.

మేడం జహీరాబాద్ ఫ్యాక్టరీలో మా కంప్యూటర్ విభాగానికి పెద్ద. సొంతూరు మొగుడంపల్లి. నేను భీమవరం నుంచి వచ్చి ఆమె కింద చేరాను. వాళ్లింట్లో ఓ పాత కంప్యూటర్ ఎప్పుడూ నడుస్తూనే ఉండేది. తాము ఏం చదువుతున్నారో, ఎవరితో మాట్లాడుతున్నారో బయటివాళ్లకు తెలియకుండా జనం ఇంటర్నెట్ వాడుకునేందుకు, ఎక్కడెక్కడివాళ్లో స్వచ్ఛందంగా నడిపే యంత్రాల గొలుసు ఒకటుంది. అందులో మేడం యంత్రం ఒక లంకె. దాన్నే రిలే అంటారు. తాళం వేసిన మూటను ఒక యంత్రం నుంచి అందుకుని ఇంకో యంత్రానికి అందించడమే దాని పని.

"మూటలో ఏముంటుందండీ?" అని అడిగాను.

"నాకేమెరుక? ఝరాసంగం ఆటోల వచ్చినోడు ఈడ దిగి ఇంకో ఆటో ఎక్కుతడు. ఎవరింటికి పోతున్నవని ఆటోఆయన అడుగుతడా?"

"దొంగ ఎక్కితేనో?"

"ఎక్కుతడు. దవాఖానకు పోయే ఆడామె గూడ ఎక్కుతది. దొంగ ఉన్నడని బస్టాండు మూస్తరా?"

మోకాలి ఆపరేషన్‌కు హైదరాబాద్ వెళ్తూ మేడం ఇంటి తాళంచెవి నా చేతికిచ్చారు. "ఆగకుండ నడిస్తెనే దానికి ఇజ్జత్. మాటిమాటికి ఆగేదాన్ని నెట్‌వర్క్ నమ్మది. జర చూస్కో." ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడగలిగే రిలేల జాబితాలో మేడం యంత్రం పక్కన 'నిలకడ' గుర్తు ఉండేది. నెలల తరబడి కాపలా కాసి నిలబెట్టుకున్న గుర్తు అది.

అంతలో దసరా వచ్చింది. మా ఫ్యాక్టరీలో ఆయుధపూజ నాడు యంత్రాలన్నీ ఆపి, కడిగి, బొట్లు పెడతారు. మర్నాటిదాకా ఎవరూ ముట్టరు. మేడం యంత్రానికి మాత్రం ఆ మర్యాద ఎందుకు తక్కువ కావాలి? భక్తిగా ఆపేశాను. పసుపు, కుంకుమ, బంతిపూలు, ఎదుట నిమ్మకాయ. ఫొటో తీసి మేడంకి పంపి, మెప్పు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

ఆమె వెంటనే ఫోన్ చేశారు. "పువ్వులు మంచిగున్నయ్ తమ్మీ. లైటేది?"

"పూజ కదండీ, ఆపేశాను."

"మొక్కినవా, మూసినవా? నడుసుడే దాని పూజ. ముందుగాల ఆన్ చెయ్."

చేశాను. 'నిలకడ' గుర్తు మాత్రం పోయింది. మేడం చేతికర్రతో తిరిగొచ్చి, జాబితా చూసి, వాడిపోయిన బంతిపూల వైపు చూశారు. నేను తలదించుకుని తాళంచెవి అందించబోయాను.

"నాకెందుకు ఇస్తున్నవ్? పెట్టుకో. ఒక్కపారి ఆపినోడు మల్ల ఆపడు. కొత్తోన్ని తెస్తే వాడు గూడ ఒక్కపారి ఆపుతడు."

ఆ గుర్తు వారాల తర్వాత తిరిగొచ్చింది. నాకు వచ్చిన 'పూజారి' అన్న పేరు మాత్రం పోలేదు. ఫ్యాక్టరీలో ఏ సర్వర్ మొరాయించినా మేడం అందరి ముందూ అడిగేవారు: "పూజారీ, నువ్వేనా మొక్కింది?"

ఆమె రిటైరయ్యాక మా ఇంట్లోనూ ఓ రిలే పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. మొన్న మేడం ఫోన్ చేశారు.

"జాబితాల మన దేశం కింద కొత్త రిలే ఒకటి వచ్చింది, చూసినవా? ఎవలదో గని, మస్తు నిలకడగున్నది. ఒక్కనాడన్న ఆపలే. గసుంటోన్ని చూసి నేర్సుకో పూజారీ."

నన్ను ఆమె అంతగా పొగడటం అదే మొదటిసారి.

"తప్పకుండా నేర్చుకుంటానండీ," అన్నాను.