నా కళ్ళకు పడ్డ నంబరు

ఎనభైల మొదట్లో నేను వరంగల్‌లో ఒక పెద్ద దవాఖానలో, రికార్డు రూంలో పనిచేసేదాన్ని. రోగి ఇంటికి వెళ్ళిపోయాక అతని కేస్ షీటు మా గదికి వచ్చేది. చివర డాక్టరు రాసిన రోగం పేరు చదివి, ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకంలో దాని నంబరు వెతికి, షీటు మూలన ఎర్ర సిరాతో వేయడం నా పని. ఆ పుస్తకంలో లేని రోగం లేదు. కుక్క కాటుకు నంబరుంది, మేడ మీంచి పడ్డందుకు నంబరుంది, ఏ రోగమో తేలకపోతే దానికీ ఒక నంబరుంది.

మా గదిలో కంటి వార్డు షీట్లన్నీ నా వంతుకే వచ్చేవి. వాటిలో నన్ను మొదట్నుంచీ ఇబ్బంది పెట్టిన మాట ‘డ్రూసెన్’. అదేమిటని ఒకసారి కంటి విభాగం పెద్ద డాక్టరుగారిని అడిగాను. ఆయన ముఖంలో నవ్వు కనిపించడం అరుదు, కానీ అడిగితే విసుక్కోకుండా చెప్పేవారు.

“నీళ్ళు కాగబెట్టే గిన్నె అడుగున తెల్లగ పొక్కులు కడతయి చూసినవా? కంటి లోపల గూడ అట్లనే మడ్డి పేరుకుంటది. రెటీనా మీద పసుపుపచ్చ చుక్కల లెక్క కనబడతది. ఒక్కొక్కరికి రెటీనాల కాదు, కంటి నరం మొదట్ల ఉంటది. పేరు ఒకటే, జాగ వేరు.”

పుస్తకం కూడా అదే చెప్పింది. రెటీనాలో ఉంటే 362 కిందికి, నరంలో ఉంటే 377 కిందికి వస్తుంది. అందుకని డాక్టరు ఒట్టి ‘డ్రూసెన్’ అని రాసి వదిలేస్తే, షీటు పట్టుకుని కంటి ఓపీకి వెళ్ళి, ఎక్కడ ఉన్నాయో అడిగి రాయించుకునేదాన్ని.

ఒకరోజు అట్లాగే వెళ్ళాను. పెద్ద డాక్టరుగారు రఘునాథపల్లిలో కంటి శిబిరానికి పోయారు. ఓపీ అయిపోయి, హౌస్ సర్జన్లు ఇద్దరు చీకటి గదిలో కూర్చుని, కంట్లోకి వెలుగు వేసి చూసే పరికరంతో సాధన చేస్తున్నారు.

“మేడం, జర కూసోండి,” అన్నాడు ఒకతను. “పొద్దటిసంది జబ్బు కళ్ళే చూస్తున్నం. మంచి కన్ను ఎట్లుంటదో ఒక్కసారి చూడనియ్యుండ్రి.”

నవ్వుకుంటూ కూర్చున్నాను. కంటిపాపలు విప్పారే చుక్కలు వేశారు. కాసేపటికి అతను ముఖం దగ్గరికి తెచ్చి కుడి కన్ను చూశాడు. ఏదో జోక్ చెప్తున్నవాడు మధ్యలో ఆపేశాడు. ఎడమ కన్ను చూశాడు. లేచి రెండో అతనికి పరికరం ఇచ్చాడు. అతను కూడా చూసి, వెనక్కి తిరిగి మెల్లగా ఒక మాట అన్నాడు. నాకు వినబడకూడదనే అన్నాడు. కానీ ఆ మాట నాకు బాగా తెలుసు. పాపిలెడీమా. 377.0. తలలో ఒత్తిడి పెరిగి కంటి నరం ఉబ్బడం. నేను ఆ నంబరు వేసిన షీట్లలో కింద రెండో రోగం ఒకటి ఉండేది. ఎక్కువసార్లు అది మెదడులో గడ్డ.

 కుర్చీలోంచి లేవబోయాను, ఉండమని సైగ చేశారు.

అసిస్టెంటు డాక్టరును పిలుచుకొచ్చారు. ఆయన చాలాసేపు చూశాడు.

“తల నొస్తదా అమ్మా?”

“పొద్దుమీకి నొస్తది సార్. దినమంతా అక్షరాలు చూసి చూసి...”

“వాంతులైనయా ఈ మధ్య?”

మొన్న ఒక పెళ్ళిలో తిన్నది పడక ఒకసారి అయింది. అదే చెప్పాను. పెళ్ళి భోజనం మాట ఆయన విననే లేదు. వాంతి దగ్గరే ఆగిపోయాడు.

“ఇంటికాడ ఎవరెవరున్నరు?” అన్నాడు.

 కళ్ళు చూసే డాక్టరుకు మా ఇంట్లో ఎవరుంటే ఎందుకు?

ఆలస్యం చేయకుండా హైదరాబాదు వెళ్ళాలని, అక్కడ పరీక్షలు చేసి గడ్డ ఉన్నట్టు తేలితే తలకు ఆపరేషన్ చేస్తారని చెప్పాడు. పొద్దున వస్తే చీటీ రాసిస్తానన్నాడు. ఆయన దయగానే మాట్లాడాడు. ఆ దయ నన్ను ఇంకా భయపెట్టింది.

మా ఇల్లు మట్టెవాడలో. ముందు గదిలో బాపు గడియారాలు బాగుచేసేవాడు. కంటికి భూతద్దం బిగించుకుని ఎవరిదో చేతి గడియారం విప్పుతున్నాడు. నేను చెప్పింది విని భూతద్దం తీశాడు గానీ, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకున్నాడు.

“ఏం మాట్లాడుతానవే? నీకు మంచిగనే కనబడతాంది కదా?”

చుక్కల మందు ఇంకా దిగలేదు, చూపు మసకగా ఉందంటే వినలేదు. గోడకున్న క్యాలెండర్ చూపించి, దూరం నుంచి చదవమన్నాడు. అక్షరాలు పెద్దవి కాబట్టి చదివాను.

“సదివింది! సూసినవా, సదివింది!” అని అమ్మ మీద అరిచాడు, రోగం ఉందన్నది ఆమే అయినట్టు.

 తలకు ఆపరేషన్ అంటే వెంట్రుకలు తీసేస్తారని అమ్మకు ఎట్లా తోచిందో గానీ, నన్ను కూర్చోబెట్టి, నూనె రాసి, జడ వేసింది. వేసి, విప్పి, మళ్ళీ వేసింది. పాస్టరు గారిని పిలిపిస్తానంటే నేనే వద్దన్నాను. ఆయన వచ్చి ప్రార్థన చేస్తే గడ్డ ఉన్నట్టు ఖాయమైపోతుందనిపించింది.

మర్నాడు పొద్దున బాపు, నేను బట్టల సంచితో సహా దవాఖానకు పోయాం. చీటీ తీసుకుని అటునుంచి అటే రైలెక్కాలని. కంటి విభాగంలో పెద్ద డాక్టరుగారు ఉన్నారు. శిబిరం నుంచి ముందురోజు సాయంత్రమే వచ్చారట. అసిస్టెంటు డాక్టరు విషయమంతా చెప్పాడు. పెద్దాయన చీటీ వైపు చూడనైనా లేదు.

“ముందు నన్ను చూడనియ్యి,” అన్నారు.

మళ్ళీ చుక్కలు, మళ్ళీ చీకటి గది. ఆయన ఊపిరి నా చెంపకు తగిలేంత దగ్గరగా వచ్చి చూశారు. ఒక కన్ను, ఇంకో కన్ను, మళ్ళీ మొదటి కన్ను. నేను ఏసుప్రభువును తలుచుకోవడం కూడా మరిచిపోయి ఆ వెలుగు వైపే చూస్తూ ఉన్నాను.

“నరం లేచినట్టున్నది నిజమే,” అన్నారు చివరికి. “కానీ వాపుంటే దాని మీది రక్తనాళాలు మునిగిపోవాలె. ఇక్కడ శుభ్రంగ కనబడుతున్నయి. రక్తం చిమ్మిన జాడ గూడ లేదు.” ఆ తర్వాత ఉన్నట్టుండి బాపు వైపు తిరిగారు. “మీరు తండ్రేనా? ఇట్ల కూసోండి.”

బాపు బిత్తరపోయాడు. “నాకేం లేదు సార్. గడియారంల సన్నటి పిన్ను గుడ కనబడతది నాకు. బిడ్డను జూడుండ్రి.”

“బిడ్డ కోసమే మిమ్ముల చూస్తున్న.”

బాపు కళ్ళలో చుక్కలు వేసి, అవి పనిచేసేదాకా ఆగి, పెద్ద డాక్టరుగారు చూశారు. చూస్తూనే చెయ్యి పైకెత్తి, హౌస్ సర్జన్లను రమ్మని సైగ చేశారు.

“చూడుండ్రి. సగ్గుబియ్యం గింజలు పోసినట్టున్నయి. ఇవి నరంలో పేరుకునే డ్రూసెన్. ఈయనకు వయసు మీద పైకి తేలినయి. బిడ్డకింకా నరం లోపల పూడుకుని ఉన్నయి. అందుకే పైకి ఉబ్బినట్టు కనబడుతున్నది. ఇది వాపు గాదు.”

ఆ తర్వాత నాతో అన్నారు: “తలల గడ్డ ఉన్నదనుటానికి నాకైతే ఏం కనబడుతలేదు బిడ్డా. మీ బాపు కంట్ల ఉన్నయే నీ కంట్ల గూడ ఉన్నయి. కొన్ని నెలలు నెలకోసారి చూస్త. వాపైతే మారుతది, ఇదైతే మారది. హైదరాబాద్ పోయే పని లేదు.”

నాకు సంతోషం వెంటనే రాలేదు. నిన్నటినుంచి చచ్చిపోతానని తయారైన మనిషిని, ఒక్క మాటతో వెనక్కి ఎట్లా రావాలో తెలియలేదు. బాపు మాత్రం లేచి నిలబడ్డాడు.

“అంటే నేనిచ్చిన్నా సార్, దీనికి?”

“ఇచ్చిన్రు. అదే ఇయ్యాల పనికొచ్చింది.”

బయటికి వచ్చాక ఒక విచిత్రం జరిగింది. ఇద్దరి కంటిపాపలూ విప్పారి ఉన్నాయి. మధ్యాహ్నపు ఎండ సూదుల్లా గుచ్చుకుంది. నేను బాపు చెయ్యి పట్టుకున్నాను, ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో తెలియకుండా, తడుముకుంటూ రిక్షా ఎక్కాం. కళ్ళ వెంట ధారగా నీళ్ళు. అందులో ఎండకు వచ్చినవెన్నో, బాపు ఏడ్చినవెన్నో నాకు తెలియదు.

ఇంటి ముందు రిక్షా ఆగేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. రైలెక్కవలసిన మేమిద్దరం, కళ్ళు మూసుకుని, ముఖాలు తడిసి, ఒకరినొకరు పట్టుకుని దిగడం చూసింది. అంతే, గుమ్మంలోనే కూలబడిపోయింది.

“అయ్యో ప్రభువా! ఇద్దర్కి గుడనా?”

“ఏం లేదే! ఏం లేదు, లే!” అని బాపు అరుస్తున్నాడు. ఆమెకు ఎక్కడ వినబడుతుంది? ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చేశారు. నేను ఆమె పక్కన కూర్చుని, గడ్డ లేదమ్మా, తలల ఏం లేదు అని చెవిలో చెప్పాను. ఆమె నా తలను రెండు చేతులా పట్టుకుని, అంతటా నిమిరి చూసింది, డాక్టరు వెతికింది దొరుకుతుందేమోనన్నట్టు. ఆ తర్వాత బాపును తిట్టడం మొదలుపెట్టింది. సాయంత్రం దాకా తిట్టింది. 

ప్రతి నెలా పెద్ద డాక్టరుగారు చూసేవారు. ఏ మార్పూ లేదు. కొన్ని నెలల తర్వాత ఇక రావద్దన్నారు. నా షీటు మిగతా వాటితో పాటు నా బల్ల మీదికే వచ్చింది. ఆయన ఏ జాగలో ఉన్నాయో స్పష్టంగా రాశారు, అడగడానికి పోవలసిన పని పడలేదు. 377.2 అని వేసి, పక్కన పెట్టాను. వయసు మీద పడ్డాక నాకు పక్క చూపు కొంచెం తగ్గింది, అంతకు మించి ఆ గింజలు నన్నేమీ చేయలేదు.

నా షీటు వచ్చిన వారంలోనే హసన్‌పర్తి నుంచి వచ్చిన ఒకామె షీటు చూశాను. నా ఈడుదే. 377.0. కింద, మెదడులో గడ్డ. హైదరాబాదుకు పంపామని రాసి ఉంది. అట్లాంటివి అంతకుముందు ఎన్నో చూశాను, రెండు నంబర్లు వేసి తర్వాతి షీటు తీసేదాన్ని. ఆ రోజు కలం పక్కన పెట్టి లేచాను. కంటి వార్డుకు పోయి నర్సమ్మను అడిగాను, ఆ హసన్‌పర్తి ఆమె వెంట ఎవరు వచ్చారని.

“తల్లి వచ్చిందమ్మా,” అన్నది ఆమె. “పొద్దుగాల బండెక్కిన్రు.”

తర్వాత ఏమైందో మాకు కబురు రాలేదు.