డిక్కీలో సన్న చక్రం

ఆ వీధిలో ఆమెను సూదమ్మ అనేవాళ్లు. మిషను మీద బట్టలు కుడుతుందని సగం, నోటి వాడి చూసి సగం. కొలత ఇవ్వడానికి నిలబడి ఎవరైనా పొట్ట లోపలికి లాక్కుంటే, "ఊపిరి వదలండి తల్లీ, రేపు ఇది తొడుక్కుని ఊపిరి తీసుకోకుండా తిరుగుతారా?" అని అందరి ముందే అనేసేది.

అలాంటి మనిషికీ ఒక్క కోరిక గొంతులో ముల్లులా ఉండిపోయింది. కొండల మీది ఊళ్లో ఉన్న అక్కను చూడాలి. తల్లి పోయాక జడలు వేసి, ముద్దలు పెట్టి పెంచిన అక్క. కారు కొన్న కొత్తలో ఆ అక్కే ఫోనులో ఎకసెక్కమాడింది.

"ఎందుకే బుజ్జీ, వాకిట్లో బొమ్మలా నిలబెట్టుకోవడానికా?"

"నీ గుమ్మం ముందు మూడుసార్లు హారన్ కొడతాను. పరుగెత్తుకొచ్చి తలుపు తియ్యి!"

"కొట్టవే, చూద్దాం" అని నవ్వింది అక్క.

ఆ మాట అన్నప్పటి కారు ముసలిదైపోయింది గాని ఆ హారన్ మోగలేదు. బస్సెక్కుదామా అంటే కొండ మలుపులకి సూదమ్మ పేగులు నోట్లోకొస్తాయి. ఒకసారి సగం దారిలోనే స్పృహ తప్పి పడిపోతే దించేసి వెనక్కి పంపారు. ముందు సీట్లో కూర్చుని, కిటికీ దించుకుని, ఆగుతూ ఆగుతూ పోతే తప్ప ఆ ఊరు చేరడం ఆమె వల్ల కాదు.

కారు ఆయన చేతిలో ఉంది. ఆయనంటే సూదమ్మ మొగుడు, నీళ్ల మీటర్లు చూసే ఉద్యోగం చేసి దిగిపోయినాయన. పెళ్లాం వేలికి సూది దిగితే అయ్యో అనడు గాని, కారు మీద గీత పడితే ఆ పూట అన్నం సహించదు. ఆ స్టీరింగ్ మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వడు. ప్రయాణం మాటెత్తితే ఒకటే పాట.

"స్టెప్నీ పాతబడిందే. కొండ దారిలో టైరు పేలితే ఏం గతి?"

"మార్పించండి మరి."

"ఆ సైజు ఎక్కడా దొరకడం లేదు."

ఆ కారు స్టెప్నీ మిగతా చక్రాల్లాంటిది కాదు. సన్నగా, చిన్నగా, డిక్కీ అడుగున గుంటలో పడుకుని ఉంటుంది. టైరు పోయినప్పుడు రిపేరు కొట్టు దాకా చేర్చడానికే అది. సూదమ్మ దాని మొహం ఎప్పుడూ చూడలేదు. చూడకుండానే దాన్ని సవతిని తిట్టినట్టు తిట్టేది.

ఈమధ్య అక్కకి చెవి పోయింది. ఫోను చేస్తే, "ఎవరూ? ఎవరది?" అంటుంది. "నేనే అక్కా, బుజ్జిని!" అని వీధి అదిరేలా అరిచినా, "ఎవరూ లేరు" అని పెట్టేస్తుంది. నిన్నమొన్నటిదాకా గొంతన్నా అందేది, ఇప్పుడు అదీ లేదు. రెండోసారి అలా జరిగిన రోజున సూదమ్మ కుడుతున్న గుడ్డ మిషను మీదే వదిలేసి, వీధి చివర టైర్ల కొట్టాయన్ని వెంటబెట్టుకొచ్చింది. మొగుడు ఇంట్లో లేడు.

గుడ్డముక్కల మూటలు దించి, అట్ట లేపి, తుప్పుపట్టిన స్క్రూ తిప్పి, కొట్టాయన ఆ చక్రాన్ని పైకి తీశాడు. నిగనిగలాడుతోంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రబ్బరు నూగు కూడా ఊడలేదు.

"ఇది కొత్తదే కదయ్యా!"

"పక్కన చూడండి పిన్నిగారూ." వేలితో నొక్కాడు. చలికాలపు మడమలా పగుళ్లు విచ్చుకున్నాయి. "ఒక్కసారి కూడా నేల మీద ఆనలేదు. అయినా రబ్బరు కదా, వాడకపోయినా ముసలిదవుతుంది."

సూదమ్మ ఆ నూగు మీద అరచెయ్యి ఆనించి కాసేపు తియ్యలేదు. "దారెలా ఉంటుందో చూడనే లేదన్నమాట" అంది. అంతలోనే గొంతు మార్చి, "కొత్తది దొరుకుతుందా, దొరకదా?" అని కసిరింది.

"దొరక్కేం, తెప్పిస్తే వస్తుంది. బాబాయిగారు ఎప్పుడూ అడగలేదే!"

"అయితే తెప్పించు" అంది సూదమ్మ. వారం తిరక్కుండా టైరు వచ్చింది. ఆయన క్షవరానికి వెళ్లిన పూట చూసి కొట్టాయన దాన్ని ఆ సన్న చక్రానికి ఎక్కించాడు.

"చిన్నదే గాని పిన్నీ, మిగతావాటికంటే దీనికే గాలి ఎక్కువ పట్టించాలి."

"మా ఇంట్లో నాలాగన్నమాట."

ఇద్దరూ నవ్వుతుండగా ఆయన కొత్త క్షవరంతో గేటు తీసుకుని లోపలికొచ్చాడు.

"ఏమిటిదీ?"

"మీకు దొరకని సైజు."

ఆయన మొహం పాలిపోయింది. "అది కాదే, వానలు..."

"ఎండకి నెత్తి మాడుతుంటే వానలంటారేంటి?"

"బ్రేకులు కూడా..."

"మొన్నేగా చూశాను బాబాయిగారూ" అన్నాడు కొట్టాయన.

"మా అక్కంటే అంత కంటగింపైతే ఆ మాటే చెప్పండి. ఇన్నేళ్లూ ఒక చక్రం చాటున దాక్కున్నారు!"

ఆయన కారు తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. కుడికాలి చెప్పు విప్పాడు. "మొదట్లో ఆ మలుపులంటే ఉత్త భయమే. ఇప్పుడు ఈ పాదం నాది కాదే. షుగరు తినేసింది. బ్రేకు మీద ఉందో పక్కదాని మీద ఉందో వంగి చూసుకుంటే గాని తెలీదు. చెబితే తాళం లాక్కుంటావని చెప్పలేదు."

"లాక్కోనా మరి! ఊళ్లో మాత్రం ఎవరినైనా గుద్దెయ్యరా?" అంటూనే ఆమె వంగి ఆ పాదాన్ని గోటితో గట్టిగా గిచ్చింది. ఆయన ఉలికిపడలేదు. వాకిట్లోకి చూస్తూ కూర్చున్నాడు.

సూదమ్మ దిక్కు తోచనప్పుడు చేసే పనే చేసింది. అక్కకి ఫోను కలిపి, స్పీకరు పెట్టింది.

"ఎవరూ?"

"అక్కా!"

"ఎవరూ లే..."

ఏం తోచిందో, మొగుడి మీదుగా చెయ్యి చాపి హారన్ నొక్కింది. ఒకటి. రెండు. మూడు.

అవతల చప్పుడు లేదు. తర్వాత, "బుజ్జీ?"

"అక్కా..."

"వచ్చావటే! ఉండుండు, తీస్తున్నా. కాలు సాగట్లేదు, వెళ్లిపోకేం!"

"అక్కా, అక్కడ కాదు, ఫోనులో..."

ఫోను దేనిమీదో పెట్టేసిన చప్పుడు. చెప్పులు ఈడ్చుకుంటూ పోతున్నాయి. గడియ బిగుసుకుపోయినట్టుంది, కిర్రుకిర్రుమని లాగుతోంది. తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత దూరంగా, వీధిలోకి పిలుస్తున్న గొంతు: "బుజ్జీ! ఎక్కడే?"

అది ముగ్గురికీ వినబడింది. ఆయన తాళంచెవి తీసి, బొటనవేలితో ఒకసారి తుడిచి, కొట్టాయన చేతిలో పెట్టాడు.

"నీకు కొండ దారి అలవాటేనా?"

"మా అత్తారిల్లు అటేగా బాబాయిగారూ. రేపు పొద్దున్నే..."

"రేపేంటయ్యా!" అన్నాడాయన. "ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంటే!"

కొట్టాయన కొట్టు మూసి రావడానికి పరుగెత్తాడు. ఆయన లేచి, చెప్పు చేత్తో పట్టుకుని, వెనక సీట్లో కూర్చున్నాడు. సూదమ్మ ముందు సీటెక్కి కిటికీ దించింది. ఫోను మాత్రం చెవి దగ్గర నుంచి తియ్యలేదు. అవతల తలుపు మూసిన చప్పుడు ఇంకా రాలేదు.