ఏడు చుక్కల ముగ్గు

నార్సింగి దగ్గర మా విల్లాల కాలనీని ఇటలీ ఊరిలా కట్టారు. నూట పన్నెండు ఇళ్లకూ ఒకే ఎర్ర పెంకులు, ఒకే లేత పసుపు గోడలు, ఒకే కమాను గుమ్మం. మతిమరుపు మొదలైన మా వారు సాయంత్రం నడకకు వెళ్లి, నేను వేసే ఏడు చుక్కల ముగ్గును చూసి ఇల్లు గుర్తుపట్టేవారు.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో, రాతి పలకలు పాడవుతున్నాయని, గుమ్మాల ముందు ముగ్గులు వేయరాదని కాలనీ సంఘం నోటీసు పంపింది. నేను రూలంటే రూలనే మనిషిని. మర్నాడు, ఇరవయ్యో తేదీ పొద్దున్నే ముగ్గు కడిగేశాను. ఆయన సంగతి తోచనే లేదు.

ఆ సాయంత్రం ఐదుంబావుకు వెళ్లిన మనిషి ఆరున్నరైనా రాలేదు. గేటు దగ్గరికి పరుగెత్తాను.

"పరేషాన్ కాకమ్మా, సారు అరవై మూడో నంబరు కాడ ఉన్నడు. గా ఇంట్ల ఎవ్వలు లేరంటే ఇంటలేడు" అన్నాడు వాచ్‌మన్.

నేను వెళ్లేసరికి ఆయన తాళం వేసిన ఆ తలుపు కొడుతున్నారు. వేళ్ల కణుపులు కందిపోయాయి.

"శారదా, ఎంతసేపే? కోపముంటే లోపలికొచ్చాక తిట్టుకో. ముందు తలుపు తియ్యి."

"ఇక్కడే ఉన్నానండీ" అన్నాను వెనక నుంచి.

ఆయన తిరిగి చూశారు. "మీరైనా చెప్పండమ్మా, మా ఆవిడ తలుపు తీయడం లేదు" అన్నారు.

ఇంటికొచ్చి కాఫీ తాగాక నన్ను గుర్తుపట్టారు. మర్నాడు మళ్లీ ముగ్గు వేశాను. సంఘం వాళ్లెవరూ ఏమీ అనలేదు. ఆయన మాత్రం ఆ తర్వాత ఒంటరిగా గుమ్మం దాటలేదు. ఎవరినీ ఒక్క మాట అడగకుండా ఆ ముగ్గు కడిగేసిన నా చేతులను నేనింకా క్షమించలేదు.