తడి సిమెంటు మీద ముగ్గు

నిరుడు కాటన్‌పేటలో మా గేటు లోపలి మోరీ మూత పగిలింది. పోయిన మా అత్తగారు రోజూ తెల్లవారుజామున ఆ మూత మీదే మెలికల ముగ్గు వేసేవారు. ఆ ముగ్గు నాకెన్నడూ పట్టుబడలేదు.

సాయంత్రం మేస్త్రీ అక్కడే కొత్త మూత పోసి, "రెండు దినాలు ఎవురూ తొక్కగాకండమ్మా" అని చెప్పి వెళ్ళాడు. గేటుకు తాళం వేశాం.

పొద్దున తలుపు తీసిన మా ఆయన నన్ను పిలిచాడు. గట్టిపడిన సిమెంటులో వేలితో గీసిన మెలికల ముగ్గు కనిపించింది.

"అమ్మ ఏసినట్లే ఉండాది" అన్నాడు మెల్లగా.

ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నేను లోపలికొచ్చాను. కాఫీకని చేతులు కడుక్కుంటుంటే, నా చూపుడువేలి గోటి సందున ఎండిన సిమెంటు ఉంది.

ఆ మూత మార్పించలేదు. దాన్ని చూసి గీయబోయినా, ఈనాటికీ నా చెయ్యి మొదటి మెలిక దగ్గరే ఆగిపోతుంది.