చివరి చేను వంతు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నీళ్ళ గురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకునేవారు కాదు. మా నాన్నవాళ్ళు గోదావరి వైపు నుంచి వచ్చి సిరుగుప్ప దగ్గర పొలం కొనుక్కుని స్థిరపడ్డారు. తుంగభద్ర కాలువ నుంచి చీలిన పిల్లకాలువ మీద మొట్టమొదటి తూము మాదే. నీళ్ళు వదిలితే ముందు మా మడులు నిండేవి, ఆ తర్వాతే కిందివాళ్ళకి. ఆ పిల్లకాలువ ఎంతదూరం పోతుందో, దాని చివర ఎవరి చేలు ఉన్నాయో నేను ఎప్పుడూ చూడలేదు. చూడాల్సిన అవసరం రాలేదు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బడికి సెలవు. జొన్న బెండుతో, చీపురు పుల్లలతో ఒక చక్రం చేశాను. అది తిరగాలంటే పారే నీళ్ళు కావాలి. కానీ ఆ రోజు మా తూము మూసి ఉంది. వంతుల లెక్కన ఆ రోజు నీళ్ళన్నీ చివరి పొలాలకి పోవాలి. నాన్న పొద్దున్నే తూములో గోనెసంచి కుక్కి, పైన బురద మెత్తి, ఎరువు తేవడానికి సిరుగుప్ప వెళ్ళారు. కాసేపే కదా అనుకుని నేను ఆ సంచిని లాగేశాను.

నీళ్ళు మా బోదెలోకి దూకాయి. నా చక్రం గిర్రున తిరిగింది. మా మడులు అప్పటికే నిండి ఉన్నాయి గనుక, వచ్చిన నీళ్ళు వచ్చినట్టే గట్టు పొర్లి, పొలం వెనక ఉన్న వంకలోకి పోతున్నాయి. అది నాకు కనిపిస్తూనే ఉంది. తప్పని మాత్రం తోచలేదు. అమ్మ అన్నానికి పిలిస్తే ఇంటికి వెళ్ళాను. తిన్నాను, నిద్రపోయాను.

లేచి వచ్చేసరికి మా తూము దగ్గర ఒక ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని, సంచిని మళ్ళీ కుక్కి బురద మెత్తుతున్నాడు. కాలువ చివరి చేను ఆయనది. నీళ్ళు రాకపోయేసరికి, ఎక్కడ ఆగిపోయాయో చూసుకుంటూ ఎండలో అంతదూరం నడిచి వచ్చాడు. చేతులు కడుక్కుని నా వైపు తిరిగాడు.

“ఎవరు పీకినారు పాపా దీన్ని?”

నేనే అన్నాను. ఎందుకని అడిగితే చక్రం చూపించాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని వేలితో ఒకసారి తిప్పాడు. “బాగానే చేసినావు,” అన్నాడు. “మీ నాయన ఉండాడా?” లేరని చెప్పాను. “అట్లయితే నువ్వే రా. మా చేను చూసి వద్దువు.”

ఇంటి దగ్గర ఆగి అమ్మతో ఒక మాట చెప్పాడు. జరిగింది విని అమ్మ గబగబా లోపలికి వెళ్ళింది. చెంబుతో మంచినీళ్ళు ఇచ్చి, నన్ను వెంట వెళ్ళమంది. ఆయన సగం తాగి, మిగిలిన సగంతో చెంబును నా చేతిలో పెట్టాడు. ఒలకనీయకుండా తన చేను దాకా తెమ్మన్నాడు.

చాలా దూరం నడిచాం. నేను చెంబు మీంచి కళ్ళు తిప్పలేదు. అయినా రెండుసార్లు కాలు జారి కొంత ఒలికింది. ఆ రోజు వంతు ముగిసి పైన నీళ్ళు కట్టేశారు గనుక, మొదట్లో కాలువ అడుగున తడి మాత్రమే ఉండింది. తర్వాత బురద. ఇంకా పోగా, బురద ఎండి పెంకుల్లా లేచింది. ఆయన నా పక్కన నడుస్తూ, ఎక్కడ ముల్లుంటే అక్కడ చెయ్యి అడ్డం పెట్టాడు.

చివరి చేను చూశాక ఆయన చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. వరి పొట్ట మీద ఉంది. ఆకులు చుట్టుకుపోయాయి. మడిలో నా అరచెయ్యి పట్టేంత నెర్రెలు. “పొయ్యి తల్లీ,” అన్నాడు. చెంబులో నీళ్ళు ఒక నెర్రెలో పోశాను. చిన్న శబ్దం చేసి లోపలికి పోయాయి. ఎక్కడ పోశానో మరుక్షణం నాకే తెలియలేదు.

నాకు ఏడుపొచ్చింది. వంకలోకి పోయిన నీళ్ళని వెనక్కి తేలేమా తాతా అని అడిగాను.

“అవి యాడికీ పోవు తల్లీ. వంక పోయి యేట్లో కలుస్తాది. యేరు సముద్రంలో పడతాది. ఎండకు ఆవిరై, మబ్బయి, పడమటి కొండల మింద కురిసి, మల్లీ మన డ్యాముకే వస్తాది.”

“ఎప్పుడొస్తాయి?”

“ఎవురు చెప్పగలరు? వచ్చే యేడు రావచ్చు. నీకు పెండ్లయినాక రావచ్చు. వచ్చేది నిజమే. నా వరి మాత్రం ఈ వారం దాటి ఉండదు.”

సముద్రం, ఆవిరి, మబ్బు, వాన అని మా పంతులుగారు నల్లబల్ల మీద బాణం గుర్తులు వేసి చెప్పిన పాఠమే అది. నాకు నోటికి వచ్చు. కానీ ఆ బాణాల మధ్య ఎంత కాలం గడుస్తుందో, అంతదాకా ఆగలేనివి ఏవి ఉంటాయో బల్ల మీద లేదు. ఎండిన ఆ మడి గట్టు మీద కూర్చున్నప్పుడు తెలిసింది.

కాసేపటికి నాన్న సైకిలు మీద వచ్చారు. అమ్మ చెప్పి పంపింది. నన్ను కొడతారనుకున్నాను. ఆయన నా వైపు చూడలేదు. చెప్పులు విడిచి మడిలోకి దిగి, ఒక పొట్ట చీల్చి లోపలి వెన్ను చూశారు. తర్వాత ముసలాయన దగ్గరికి వచ్చి, “రేపు మా వంతు. ఆ నీళ్ళు మీరు పెట్టుకోండి పెద్దాయనా,” అన్నారు.

“మీ పైరు ఏం గావాలప్పా?”

“మా మడుల్లో నిలవ ఉంది. ఆగుతుంది. మీది ఆగేలా లేదు.”

ఆ సాయంత్రం నాన్న మధ్య తూములవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, తప్పు మా ఇంటిదని చెప్పి, మర్నాడంతా ఎవరూ తూము ఎత్తవద్దని అడిగారు. ఒకాయన కోపంగా ఏదో అన్నాడు. నాన్న తల వంచుకుని విన్నారు. నేను ఆయన పక్కనే ఉన్నాను. నా వల్ల ఆయన తల వంచడం నేను చూడటం అదే మొదలు.

మర్నాడు మా తూముకి కాపలా నాదే. నీళ్ళు వదిలాక కొంతసేపు కూర్చున్నాను. మూత గట్టిగానే ఉంది. అమ్మ తను చూస్తానని నన్ను పొమ్మంది. నీళ్ళతో పాటే గట్టు మీద నడిచాను. కాలువలో నీళ్ళు మొదటిసారి పారేటప్పుడు ముందు చెత్త, గడ్డిపరకలు, నురగ వస్తాయి. ఆ నురగ ఎండిన చోట ఆగి, నింపుకుని, మళ్ళీ కదిలేది. నేనూ ఆగేదాన్ని. ఒక్కో తూము దగ్గర వంగి మూత చూసుకున్నాను. ఎవరూ ఎత్తలేదు. కోప్పడిన ఆయన తన తూము మీద కూర్చుని ఉన్నాడు, చేత్తో పొమ్మన్నట్టు సైగ చేశాడు.

చివరి మడిలోకి నీళ్ళు తిరిగినప్పుడు ముసలాయన భార్య చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నీళ్ళ ముందు నడుస్తూ చేత్తో దారి చేసింది. నెర్రెలు బుడబుడమంటూ తాగాయి. సాయంత్రానికి మడి నిండింది. “సాకు, ఇంక చాలు,” అని ఆయనే గండి కట్టేశాడు. మిగిలిన నీళ్ళు పక్క చేనుకి మళ్ళించాడు.

పంట మొత్తం దక్కలేదు. మిట్టగా ఉన్న ఒక మూల గింజ పట్టక తాలైపోయింది. మిగిలిందంతా పండింది. కోతల రోజు నాన్న నన్ను తీసుకెళ్ళి ముసలాయన చేతిలోని కొడవలి అందుకుని నాలుగు పనలు కోశారు.

నాకిప్పుడు డెబ్భై నిండబోతున్నాయి. పొలం మా అబ్బాయి చూస్తున్నాడు. డ్యాములో నీళ్ళు తక్కువున్న ఏడు రెండో పంటకి వరి వద్దంటాను, శనగ వేస్తాం. మొదట్లో అబ్బాయి గొణిగాడు. ఇప్పుడు తనే పక్కవాళ్ళకి చెబుతున్నాడు, కొందరు వింటున్నారు కూడా. కాలువ వదిలిన రోజున పొలం నుంచి వాడు ఫోను చేస్తాడు. మన మడి తడిసిందా అని నేను అడగను. చివరిదాకా పోయినాయా అని అడుగుతాను. పోయినాయమ్మా అంటే, అప్పుడు లేచి అన్నం వడ్డించుకుంటాను.