దీనమ్మ విసురురాయి

ఇరవై మూడేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మనసులో బరువు అని ఆడవాళ్లు అంటుంటారే, అలాంటిది కాదు. నిజంగా రాయి బరువే. మా వంటింటి మూలలో ఉంది. మొన్నటిదాకా దానిమీదే జొన్నలు విసిరాం. ఆ పిండితో రొట్టెలు చేసుకుని, కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పి తిన్నాం. ఆ రాయి మాది కాదు.

మీరెవరో నాకు తెలియదు. తెలిస్తే రాయలేను. నా పేరుతో మీకు పని లేదు. ఊరు కూడా చెప్పను. పొద్దున నడిచి ఆలూరు సంతకు పోయి పొద్దు గూకేలోగా తిరిగి రాగలిగిన పల్లె అనుకోండి, చాలు. ఒక్క మాట ముందే చెబుతున్నాను. ఏడవడానికి ఇది రాయడం లేదు. క్షమించమని అడగడానికీ కాదు. నేను తీసుకున్నది మీది కాదు కదా, క్షమించడానికి మీరెవరు?

నేను చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లకు వాక్యం చెప్పేదాన్ని. చిన్నప్పుడు దొరసాని బడిలో నాలుగు అక్షరాలు అబ్బాయి. మా పేటలో చదవడం వచ్చిన ఆడది నేనొక్కతినే. పది ఆజ్ఞలు ఎంతమందికి నేర్పానో లెక్క లేదు. దొంగిలకూడదు అనే ఆజ్ఞ దగ్గర నా గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు. తడబడి ఉంటే బాగుండేది. మనిషికి ఏదైనా అలవాటైపోతుంది, దొంగతనం మీద కూచుని దొంగతనం తప్పని చెప్పడం కూడా.

ఆ ఏడు వాన లేదు. అంతకు ముందేడూ అంతంత మాత్రమే. జొన్న మోకాలెత్తు లేచి మాడిపోయింది. మా ఇంటాయన పని వెతుక్కుంటూ బళ్లారి వైపు పోయాడు. కబురు లేదు, కాసు లేదు. నాకు ముగ్గురు పిల్లలు. గోడ అవతలి ఇల్లు దీనమ్మది. మొగుడు చనిపోయాడు, ఆరేళ్ల కూతురు ఉంది. దీనమ్మ నాకంటే చిన్నది, నన్ను అక్కా అనేది. తుంగభద్ర ఒడ్డున మళ్లలో ఏదో పని దొరుకుతుందని ఎవరో చెబితే పిల్లను చంకనేసుకుని బయలుదేరింది. పోయేముందు తన విసురురాయిని మా ఇంటికి చేర్చింది. ఇద్దరం కలిసి దొర్లించుకుంటూ తెచ్చాం. వాళ్ల నాయన పెళ్లికి చెక్కి ఇచ్చిన రాయి అది. పైరాయి అంచున బొటనవేలంత సిలువ గుర్తు చెక్కి ఉండేది. ఆ ఇంట్లో ఎత్తుకుపోవడానికి అదొక్కటే ఉంది. దాన్ని నమ్మి నా దగ్గర పెట్టింది.

నెల తిరక్కముందే సంఘం వాళ్లు మా పేటలో గంజి పోయడం మొదలుపెట్టారు. గింజలు వాళ్లవే, విసరడానికి మనుషులు కావాలి. ఎవరింట్లో రాయి ఉంటే వాళ్లకు పని. కూలి పిండి రూపంలోనే ఇచ్చేవారు. సరిగ్గా అప్పుడే మా రాయి రెండుగా పగిలింది. పాతది, ఎప్పటినుంచో చిన్న నెర్రె ఉంది. నేనేం చేశాను? దీనమ్మ రాయి ముందుకు లాక్కుని కూచున్నాను.

ఇంతవరకు తప్పుందా? దాచమని ఇచ్చిన వస్తువును వాడుకోకూడదని ధర్మశాస్త్రం తెలిసినవాళ్లు అంటారు. అనండి. రాయి గోడకు ఆనుకుని ఉంటే నా పిల్లలు చస్తారు, తిరిగితే బతుకుతారు. నేను తిప్పాను. మళ్లీ ఆ ఏడు వస్తే మళ్లీ తిప్పుతాను. ఈ విషయంలో నాకు సిగ్గు లేదు, ఎవరు తెప్పించాలని చూసినా రాదు. ఆకలికి దొంగిలించినవాణ్ణి ఎవరూ ఈసడించరని లేఖనంలో ఒక మాట ఉంది. అది నాకు కంఠతా వచ్చు. దాని వెంటనే ఇంకో మాట ఉంది, దొరికితే ఏడంతలు ఇచ్చుకోవాలని. అది చదివేటప్పుడు మాత్రం పేజీ తిప్పేసేదాన్ని.

తప్పు ఎక్కడుందో చెబుతాను. దీనమ్మ తిరిగి వస్తోందని ఆదివారం గుడి దగ్గర ఎవరో అన్నారు. మళ్లలో పని లేదట, జ్వరం కూడా తగిలిందట. అప్పటికే గంజి పంచేచోట చెప్పేశారు, ఇక కొత్త రాళ్లు అక్కర్లేదు, ఉన్నవి చాలు అని. అంటే ఆమె రాయి ఆమెకు ఇచ్చేస్తే ఆమెకు పని ఉంటుంది, నాకు ఉండదు. ఇంటికి వచ్చాను. పిల్లలను బయటికి పంపాను. పిడి ఊడబీకి వేరే కర్ర దిగ్గొట్టాను. ఉలి తెచ్చి ఆ సిలువ గుర్తును చెక్కి తీసేశాను. నేనే, నా చేత్తోనే. మిగిలిన గుంటలో మట్టి మెత్తాను. ఒక్క పూటలో అంతా అయిపోయింది. ఎంత తొందరగా చేతనైందో తలచుకుంటే ఇప్పటికీ నాకే ఆశ్చర్యం.

మూడోరోజు పొద్దున ఆమె మా గడపలో నిలబడింది. కూతురు ఆమె కొంగు పట్టుకుని ఉంది.

“అక్కా, బాగుండావా? నా రాయి తీసకపోదామని వచ్చినా.”

“రాయి యాడుండాది దీనమ్మా,” అన్నాను. “దొంగలెత్తకపోయినారు.”

“రాయినా? అంత బరువుది ఎవురెత్తకపోతారక్కా?”

“కరువులో ఏమన్నా ఎత్తకపోతారు. బయట పెట్టిన్యా. తెల్లారి చూస్తే ల్యా.”

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత తల ఊపింది. “నువ్వు చెప్తాండావు కాబట్టి సరే. నువ్వు అబద్ధమాడే మనిషివి కాదు.” పిల్లను దగ్గరికి లాక్కుని మళ్లీ అంది. “నీ రాయి ఉండాది గదా? రోజూ రొంతసేపు నేనూ వచ్చి కూచుంటా. ఇద్దరం ఇసురుదాం. నాకు శానా వద్దు, పిల్లకు ఒక రొట్టెకైతే చాలు.”

ఇక్కడ ఆగాలనిపిస్తోంది. ఆగను.

విసురురాయి ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా కూచుని తిప్పే వస్తువు. మా వైపు అదే పద్ధతి. ఒక్కతే తిప్పితే భుజం పడిపోతుంది, ఇద్దరైతే పని సగం అవుతుంది, పాట కూడా వస్తుంది. ఆమె అడిగింది చాలా మామూలు మాట. ఒప్పుకుని ఉంటే ఇద్దరం రెట్టింపు విసిరేవాళ్లం, నలుగురు పిల్లలూ తినేవాళ్లు. కానీ పిడి పట్టుకున్న మరుక్షణం ఆమెకు తెలిసిపోతుంది. పుట్టింటి రాయి చేతికి తెలియదా? దొంగతనం దాచడానికి ఆమెను ఆ రాయి ముందు కూచోనివ్వకూడదు. అందుకే అన్నాను, నా కూలి నాకే చాలడంలేదు, నన్ను అడగొద్దు అని. ఇంకా ఏదో గట్టిగా కూడా అన్నాను. అదేమిటో గుర్తులేదని రాయబోయాను. గుర్తుంది. “మొగుడు లేనిదానివి, నీ తిప్పలు నువ్వు పడు” అన్నాను. నా మొగుడు మాత్రం ఉన్నాడో లేడో నాకే తెలియని రోజుల్లో.

ఆమె ఎనిమిది రోజులు గంజి వరసలో నిలబడింది. నేను పిండి తట్ట నెత్తిన పెట్టుకుని ఆ వరస పక్కనుంచే పోయేదాన్ని. ఆ పిండి ఆమె రాయిమీద విసిరిందే. తొమ్మిదోరోజు ఆమె లేదు. కూతుర్ని తీసుకుని కడప దిక్కుకు నడిచిపోయిందని చెప్పారు. నాకు ఒక మాట చెప్పకుండా పోయింది. చెప్పడానికి నేనేమిచ్చానని?

వానలు వచ్చాయి. ఇంటాయన వచ్చాడు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు. రాయి మాత్రం ఉండిపోయింది. నున్నబడితే పిండి పడదని దానికి రెండేళ్లకోసారి గంట్లు కొట్టించాను. గంట్లు కొట్టడానికి వచ్చిన మనిషి మంచి రాయమ్మా అని మెచ్చుకుంటే అవునన్నాను.

గుడిలో ఏటేటా ఒక ప్రసంగం ఉంటుంది. మనకంటూ ఏదీ లేదు, అంతా దేవునిదే, మనం ఉత్త గృహనిర్వాహకులం, ఆయన సొత్తును ఆయన పేరుమీద చూసుకునేవాళ్లం అని. మంచి మాటే. నేనూ చెప్పాను ఎన్నోసార్లు. కానీ చెబుతున్నకొద్దీ నాకు ఒళ్లు మండేది. ఇరవై ఎకరాలున్నవాడు ఇది నాది కాదు, నేను చూసుకునేవాణ్ణే అంటే అందంగా ఉంటుంది. దీనమ్మ దగ్గర ఒక్క రాయి ఉండింది. అది నీది కాదు తల్లీ అని ఆమెకు చెప్పే దమ్ము ఎవరికుంది? నాకుండింది. చెప్పకుండా చేసి చూపించాను.

ఒకరోజు ఆడవాళ్ల కూటంలో చదువుతూ చదువుతూ ధర్మశాస్త్రంలో ఆ చోటికి వచ్చాను. అప్పుకు పూచీగా ఎవరి విసురురాయినీ పట్టకూడదు, పైరాయిని కూడా పట్టకూడదు, అది ప్రాణాన్ని పట్టుకోవడమే అని అక్కడ ఉంది. అప్పుకు సైతం పట్టకూడదు! నేను దీనమ్మకు అప్పు కూడా ఇవ్వలేదు. ఆ మాట రాసినవాడికి ఎవరో గానీ ఆకలి తెలుసు. ఆ రోజు చదవడం ఆపి, గొంతులో నస అని చెప్పి ఇంటికి వచ్చేశాను. మీకు నవ్వొస్తే నవ్వండి.

అప్పటినుంచి వెతకడం మొదలుపెట్టాను. గొర్రెను దొంగిలిస్తే నాలుగు ఇవ్వాలి, ఎద్దుకు ఐదు. రాయికి ఎన్ని? అదైనా లెక్క కట్టి ఇస్తాను, ఎవరికివ్వాలి? ఆమె కడప దాటి రాజంపేట చేరిందని ఎవరో అంటే, అక్కడి సంఘంలో ఉపదేశి ఒకాయనకు జాబు రాశాను. ఆయన విచారించి జవాబు పంపాడు. దీనమ్మ అక్కడ తోటల్లో కూలి చేసి చాలా ఏళ్ల క్రితమే చనిపోయిందట. కూతురు ఎవరినో కట్టుకుని పోయింది, ఎక్కడుందో తెలిసినవాళ్లు లేరట.

అప్పుడు మా గుడి అయ్యగారి దగ్గరికి పోయాను. నా పేరు పెట్టలేదు. పొరుగూరి ఆడమనిషి ఒకామె అడగమంది అని చుట్టు తిప్పి అడిగాను. అదొకటి, ఒప్పుకోవడానికి పోయి కూడా అబద్ధం. ఆయన మంచి మనిషి, పుస్తకం తెరిచి చూసే చెప్పాడు. తిరిగి పుచ్చుకోవడానికి బంధువులెవరూ లేకపోతే, దానికి ఐదో వంతు కలిపి దేవుని సేవకుడికి అప్పగించాలి, గుడికి చేరాలి, అదే ధర్మం అన్నాడు.

ఆ మాటకు నా మనసు అడ్డం తిరిగింది. ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. దీనమ్మకు గుడి ఎట్లా వారసురాలైంది? గుడి ఆరేళ్ల పిల్లను చంకనేసుకుని రాజంపేటకు నడిచిందా? నేను ఆ రాయిని కానుకగా ఇస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆదివారం ఫలానా సోదరి ఇచ్చింది అని చదువుతారు. అందరూ ఆమేన్ అంటారు. దొంగసొత్తు కాస్తా కానుక అవుతుంది, దొంగ కాస్తా దాత అవుతుంది. ఇంతకంటే సుఖమైన ప్రాయశ్చిత్తం ఎక్కడుంది! నాకు వద్దు. ధర్మశాస్త్రంలో ఉన్నా సరే వద్దు. తప్పయితే ఆ తప్పు కూడా నా లెక్కలోనే రాసుకోమనండి, ఉన్నదానికి ఇంకొకటి తోడవుతుంది.

మరి ఏం చేయాలి? ఆర్నెల్లు ఆలోచించాను. మొన్న సోమవారం పొద్దున మా కోడలు రాహేలు జొన్నలు తెచ్చి రాయి ముందు కూచుంది. నేను వెళ్లి పిడిమీద చెయ్యి పెట్టాను.

“ఇంక దీనిమీద ఇసరొద్దు. ఇది మనది కాదు. దీనమ్మ అనే మనిషిది. నేను దొంగిలిచ్చినా.”

ఇరవై మూడేళ్లలో ఆ మాట నా నోటివెంట రావడం అదే మొదలు. రాహేలు గుప్పెట్లోని జొన్నలు చాటలో వదిలేసింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. ఆమె అడిగింది, “అట్లయితే రొట్టెలకు పిండి ఎట్లత్తా?”

“పక్కిండ్లల్లో అడిగి ఇసురుకో.”

“మీ రాయి ఏమాయ అంటే ఏం చెప్పాల?”

“మాయత్త దొంగిలిచ్చిన రాయి, దానిమీద ఇసరం అని చెప్పు.”

“ఊరంతా తెలుస్తాది గదత్తా!”

“తెలియనీ.”

ఆమె జొన్నల చాట ఎత్తుకుని బయటికి పోయింది. నేను వంటింట్లోనే కూచున్నాను. పక్కింటి గడపలో మాటలు వినిపించాయి. వాళ్లు అడిగారు. రాహేలు చెప్పింది. మెల్లగానే చెప్పింది గానీ ఒక్క ముక్క తగ్గించలేదు. అవతల ఎవరో అయ్యో అన్నారు, ఎవరో నవ్వారు. నేను లేచి తలుపు మూయలేదు. ఎన్నాళ్లనుంచో గుండెలో పట్టేసినదేదో వదిలి ఊపిరి నిండుగా వచ్చింది. అది క్షమాపణ కాదు, నాకు తెలుసు. రాయి ఊరికే పడి ఉండటం వల్ల దీనమ్మకు ఒక్క రొట్టె కూడా చేరదు. ఆ ఎనిమిది రోజుల ఆకలి ఎవరూ తీర్చలేరు. కానీ దీనమ్మ రాయిని ఎత్తుకుపోయిన దొంగలెవరో ఇప్పుడు మా పేటకు తెలుసు.