ఆ నొప్పి ఎలాంటిదో

మా ఇన్‌ఛార్జి సిస్టర్ పోయారని నర్సుల గ్రూపులో మెసేజ్ వచ్చింది. జెద్దాలో ఉద్యోగం ముగించుకుని, ఫైనల్ ఎగ్జిట్ మీద కాకినాడ వెళ్లి ఇంకా ఏడాది కూడా కాలేదు. "ఛాతీలో నొప్పంట" అని ఎవరో రాశారు. ఎలాంటి నొప్పో ఎవరూ రాయలేదు. అది తెలిస్తే ఆవిడ ఎంత బాధపడ్డారో తెలుస్తుంది.

జెద్దాలో మా ఎమర్జెన్సీకి మక్కా వెళ్లే ఉమ్రా యాత్రికులు వస్తుంటారు. స్పానిష్ తప్ప మరో ముక్క రానివాళ్లూ ఉంటారు. వాళ్ల కోసం సిస్టర్ ఫోన్‌లో విని విని ఛాతీ మాటలన్నీ పట్టేశారు. గోంగూర అన్నం కలుపుతూ మా చేత వల్లె వేయించేవారు. పెచో అంటే ఛాతీ, దొలోర్ అంటే నొప్పి. ఒప్రెసియోన్ నొక్కేసినట్టు, ఆర్దోర్ మంట, పించాసో పొడిచినట్టు.

"మనకి అరబ్బీయే సరిగ్గా రాదు, ఇదెందుకు సిస్టర్?" అంటే, "ఎలాగూ నోరు ఆడతానే ఉందిగా, ఇదీ ఆడించు" అనేవారు.

ఒకసారి స్పెయిన్ పెద్దావిడ ఒకరు ఛాతీ నొప్పితో వచ్చారు. మొదటి ఈసీజీ బాగానే ఉంది. నేను నా పాండిత్యమంతా ఒలకబోశాను. ఒప్రెసియోన్? "సీ" అన్నారు. ఆర్దోర్? "సీ". పించాసో? దానికీ "సీ"యే! మనవాళ్లు డాక్టరు ఏమడిగినా ఔనండీ అంటారే, అచ్చం అలాగే.

సిస్టర్ నన్ను పక్కకి జరిపారు. "నువ్వు మాట అందిత్తే ఆవిడ తలూపుద్ది. ఆళ్ల నొప్పి ఆళ్ల నోటితోనే రావాలే." మంచం పక్కన కూర్చుని, నొప్పి ఎలా ఉందని ఒక్కసారి అడిగి, ఇక పెదవి కదపలేదు. నాకు కంగారు. చాలాసేపటికి ఆ పెద్దావిడే "ఒప్రెసియోన్" అని, అది దవడదాకా పాకుతోందని చేత్తో చూపించారు. సిస్టర్ డాక్టర్ని పట్టుకుని రెండో ఈసీజీ తీయించారు. అందులో గుండెపోటు బయటపడింది. ఆ పెద్దావిడ బతికి ఇంటికి వెళ్లారు. ఈరోజుకీ నేను రోగి దగ్గర నోరు మూసుకుని నిలబడగలుగుతున్నానంటే అది సిస్టర్ పెట్టిన భిక్ష.

నిన్న సిస్టర్ కూతురికి ఫోన్ చేశాను. ఓదార్చాల్సింది పోయి, "నొక్కేసినట్టుందన్నారా, మంటన్నారా?" అని అడిగేశాను.

"ఏమో ఆంటీ, నొప్పని తప్ప అమ్మింకేమీ చెప్పలేదు" అంది. "ఆటోలో నేనే ఏడుత్తున్నాను. నాకు ఊపిరాడట్లేదని, ఆసుపత్రి వచ్చేదాకా అమ్మే నా గుండెల మీద చేత్తో రాత్తా కూచుందాంటీ."